మేస్త్రమ్మ పెట్టని సంతకం

జూన్ 9

అక్కకి,

మోకాలు ఎలా ఉంది? ఆపరేషన్ తర్వాత చెయ్యమన్న వ్యాయామం చేస్తున్నావా? లేక ముప్పై ఏళ్లు రోగులకి చెప్పీ చెప్పీ విసుగొచ్చి నువ్వు మానేశావా? అబద్ధం మాత్రం రాయకు, నీ చేతిరాత చూస్తే నాకు తెలిసిపోతుంది.

మంచి కబురు. మన ఇల్లు దొరికింది.

నా డ్రైవింగ్ స్కూలుకి ఒకావిడ నేర్చుకోవడానికి వస్తోంది. గచ్చులు, టైల్సు వేసే పని ఆవిడది. పనిచోట అందరూ మేస్త్రమ్మ అంటారట, నేనూ అలాగే పిలుస్తున్నాను. మూడో పాఠం రోజున గేరు మారుస్తూ, "మాస్టారూ, మా ఇల్లు అమ్మేస్తున్నాం. కొనేవాళ్లుంటే చెప్పండి" అంది. ఎందుకమ్మా అన్నాను. "విడిపోతున్నాం" అని చెప్పి, ఇండికేటర్ వేసి, కుడివైపు అద్దం చూసుకుని చక్కగా మలుపు తిప్పింది. నాకే చెమట పట్టింది.

సాయంత్రం వెళ్లి చూశాను. ఆయన వడ్రంగి. ఇద్దరూ కలిసి కొన్నేళ్లపాటు, చేతిలో డబ్బున్నప్పుడు ఒక గోడ, లేనప్పుడు ఒక మేకు చొప్పున కట్టుకున్న ఇల్లు. కింద రెండు గదులు, పైన ఒకటి. అలమర తలుపుని ఒక్క వేలితో తోస్తే వెళ్లి మూసుకుంటుంది. నేలమీద వేలి కణుపుతో ఎక్కడ కొట్టినా ఒకటే చప్పుడు, బోలుగా మోగే టైలు ఒక్కటీ లేదు. ఇంత పొందికగా ఇల్లు కట్టినవాళ్లు కలిసి ఎందుకుండలేకపోయారో అని మనసులో అనుకున్నాను గాని పైకి అడగలేదు.

కింద కిటికీ ఉన్న గది నీది. మెట్లెక్కక్కర్లేదు. అగ్రిమెంటు రాసుకున్నాం. కోర్టు తీర్పు ప్రకారం అమ్మకానికి భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టాలి. నెలలో అయిపోతుందన్నారు. నర్సుగా రిటైరయ్యాక నీ ఆసుపత్రి క్వార్టర్స్ ఖాళీ చేయాల్సింది అక్టోబరు ఆఖరుకి కదా, బోలెడంత సమయం ఉంది.

ఇట్లు,
నీ తమ్ముడు


జూన్ 20

ఒరే నిదానం,

నీ ఉత్తరం అందింది. వ్యాయామం చేస్తున్నాను. రోజూ కాదు.

ఎందుకు ఫోన్ చెయ్యవని మళ్లీ అడగకు. అన్నేళ్లు నైట్ డ్యూటీలు చేసినదాన్ని, ఫోన్ మోగితే ఇప్పటికీ ఏ వార్డులో ఎవరికేమైందో అని లేచి నిలబడతాను. ఉత్తరమైతే కూర్చుని చదువుకోవచ్చు, నచ్చకపోతే మడిచి పక్కన పెట్టొచ్చు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లి విడగొట్టుకునేవాళ్ల ఇల్లు కొని చూడు అని మాత్రం ఎవరూ అనలేదు, ఎందుకంటే అంత ధైర్యం ఎవరికీ లేదు. నీకు ఒక్కడికే ఉంది. పెళ్లి జోలికే పోనివాడివి, నీకేం తెలుస్తుంది? విడిపోయేవాళ్లు చెంబు దగ్గర నుంచి చీపురు దాకా కొట్టుకుంటారు. ఒకరు ఊఁ అంటే రెండోవారు ఉహూఁ అంటారు. నెల అన్నారంటే నాలుగు నెలలు అనుకో.

ఆవిడ అంత మామూలుగా మలుపు తిప్పిందంటే నాకు అనుమానంగానే ఉంది. ఆడదాని కళ్లలో నీళ్లు లేకపోతే లోపల లెక్క ఉంటుంది. నా మాట విని వడ్రంగితోనే మాట్లాడు.

నా గదికి కిటికీ ఏ వైపు ఉందో రాయలేదు. పొద్దున ఎండ వస్తుందా?

అక్క


జూలై 14

అక్కకి,

తూర్పు కిటికీ. పొద్దున ఎండ మంచం దాకా వస్తుంది.

నువ్వన్నట్టే ఆలస్యమవుతోంది, కానీ నువ్వన్న కారణానికి కాదు. ఇల్లు అప్పగించే ముందు చిన్న మరమ్మతు ఉందని ఇద్దరూ పట్టుబట్టారు. ఇద్దరి మధ్యా మాటల్లేవు కాబట్టి ఆయన సోమవారాలు వస్తాడు, ఆవిడ గురువారాలు వస్తుంది. అక్కడే వచ్చింది తంటా.

కింది బాత్రూం గడప తీసేస్తే బాగుంటుందని అనుకున్నాం. ఎందుకు అనేది తర్వాత చెప్తాను. సోమవారం వడ్రంగి వచ్చి గడప తీసి, తలుపు సరిచేసి వెళ్లాడు. గురువారం మేస్త్రమ్మ వచ్చి, గడప లేకపోతే నీళ్లు గదిలోకి వస్తాయని, గుమ్మం దగ్గర నేల కాస్త ఎత్తి, లోపలికి వాలు పెట్టి టైల్సు వేసింది. సోమవారం ఆయన చూస్తే తలుపు నేలకి రాసుకుంటోంది. అడుగున చిత్రిక పట్టాడు. గురువారం ఆవిడ చూస్తే తలుపు కింద సందు. ఈ సందులోంచి నీళ్లు రావూ అని ఇంకో వరస వేసింది. సోమవారం తలుపు మళ్లీ రాసుకుంది. ఆయన మళ్లీ చిత్రిక తీశాడు. ఇలాగే సాగితే కొన్నాళ్లకి నేల పైకప్పుకి తగులుతుంది, తలుపు కిటికీ రెక్కంత అవుతుంది.

మధ్యవర్తిని నేను. "ఆ తలుపు ఇంక ముట్టుకోవద్దని ఆయనకి చెప్పండి" అంటుంది ఆవిడ. చెప్పాను. "ముందు ఆ నేల ముట్టుకోవద్దని ఆవిడకి చెప్పండి" అంటాడాయన. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా బతుకు.

పోనీ, కొన్నాక నేనే చేయించుకుంటానన్నాను. ఇద్దరూ వేర్వేరు రోజుల్లో ఒకటే మాట అన్నారక్కా: "నా చెయ్యి పడ్డ పని తప్పుగా ఉండగా తాళం ఇవ్వను." కోపం రావాల్సింది, రాలేదు. ఇంటి మీద వాళ్లకి ఇంక హక్కుండదు, రూపాయి ఎక్కువ రాదు, అయినా ఇంత పట్టుదల. బండి సరిగ్గా రాకపోయినా లైసెన్సు వచ్చేసిందని వెళ్లిపోయే కుర్రాళ్లని నేను చూసి చూసి ఉన్నాను. ఇలాంటి మనుషుల్ని చూడటం నాకు పండగలా ఉంది.

తమ్ముడు


జూలై 27

ఒరే నిదానం,

నీకు పండగ, నాకు దండగ.

నువ్వు చదువుకున్నవాడివే, చూపు మాత్రం లేదు. అది పనిమీద ప్రేమ కాదురా, ఒకరిమీద ఒకరు కసి తీర్చుకోవడం. తలుపు మీద ఆయన, నేల మీద ఆవిడ. మధ్యలో కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు నువ్వు. గడప ఉంటే ఏం, లేకపోతే ఏం? ఊరందరి బాత్రూములకీ గడపలున్నాయి. సంతకాలు తీసుకుని తాళం పుచ్చుకో.

నేను వాళ్లని ఊరికే ఆడిపోసుకోవడం లేదు. నా కాపురం విడిపోయిన రోజు నీకు గుర్తుండదు, నువ్వప్పుడు చదువుకని హాస్టల్లో ఉన్నావు. ఆయన గుమ్మంలో నిలబడి నేను తీసుకెళ్లే పెట్టె తెరిపించి చూశాడు. ఆయన తల్లి ఒక గరిట తీసి, "ఇది మాది" అంది. ఆ గరిటతో ఏడేళ్లు వండింది నేను. నేను కూడా తక్కువ తినలేదు, తిరిగి ఆ గరిట లాక్కుని వీధిలోకి విసిరేశాను. విడిపోవడమంటే నాకు తెలిసింది అది. చక్కగా విడిపోయే మనుషులున్నారంటే నేను నమ్మను.

నిన్న కొత్తగా వచ్చిన నర్సు, ఇరవై నాలుగేళ్ల పిల్ల, టేపు పట్టుకుని నా క్వార్టర్స్‌కి వచ్చింది. "సిస్టర్, మీరు వెళ్లాక కర్టెన్లకని కొలుచుకుంటున్నా, ఏమీ అనుకోరుగా" అంది. అనుకోనన్నాను. తను కుర్చీ ఎక్కి కొలుస్తుంటే కుర్చీ పట్టుకుని నిలబడింది కూడా నేనే.

తొందరపడు నాన్నా.

అక్క


ఆగస్టు 21

అక్కకి,

తలుపు కుదిరింది. ఎలా కుదిరిందో చెప్తాను, నవ్వుకుంటావు.

ఇలా లాభం లేదని ఒక సోమవారం మేస్త్రమ్మకి డ్రైవింగ్ పాఠం పెట్టాను. కుడికి తిప్పండి, ఎడమకి తిప్పండి అంటూ తీసుకెళ్లి సరిగ్గా ఆ ఇంటి ముందు ఆపించాను. లోపలి నుంచి చిత్రిక చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ నావైపు చూసి, "మాస్టారూ, మీరు మంచివాళ్లనుకున్నానే" అంది. అంటూనే దిగింది.

ఇద్దరూ ఆ గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్నారు. ఆయన తలుపు అంచు మీద, ఆవిడ టైల్సు మీద వేలు రాసి చూసుకున్నారు. ఆఖరికి ఆవిడే అంది.

"ఎన్నిసార్లు తీశావు?"

"మూడు. నువ్వెన్నిసార్లు వేశావు?"

"నేనూ మూడే. ఒక్క ముక్క నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే వినేదానివా?"

"వినేదాన్ని కాదు. ఇప్పుడు వింటా, చెప్పు."

ఆయన చెప్పాడు. ఆవిడ విన్నది. ఒక వరస టైల్సు పగలగొట్టి తీసేసింది. ఆయన తలుపు అడుగున సన్నటి చెక్కపట్టీ అతికించాడు. తలుపు మళ్లీ బిగించేటప్పుడు, ఆయన పట్టుకోమని అడగలేదు, ఆవిడ పట్టుకోనా అనలేదు. తలుపు బరువు భుజానికి ఆనించుకుని నిలబడింది, ఆయన మరలు బిగించాడు. బకెట్ నీళ్లు కుమ్మరించి చూశారు. చుక్క బయటికి రాలేదు. వాళ్ల పనితనం చూస్తుంటే నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, బాత్రూం ముందు బాగుండదని ఊరుకున్నాను.

కలిసిపోతారేమో అని నువ్వు అడుగుతావు. లేదు. చేతులు కడుక్కుని ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

ఇప్పుడు అసలు సంగతి. దస్తావేజు చిత్తుప్రతి మీద వడ్రంగి సంతకం పెట్టేశాడు. మేస్త్రమ్మ పెట్టలేదు. ఒక విషయం తేలేదాకా పెట్టనంది. ఆ విషయమేమిటో నీకు ఇప్పుడే రాయనని మాటిచ్చాను. గడువు ఇంకో నెల నేనే పొడిగించాను. ఆవిడ అడిగింది సబబే అనిపించింది.

నువ్వు ఒక పని చెయ్యాలి. నీ ఫోటోలు రెండు, గుర్తింపు కార్డు నకలు పంపు. ఎందుకని అడక్కు. దయచేసి.

తమ్ముడు


సెప్టెంబరు 3

తమ్ముడికి,

ఉత్తరం అందింది.

గడువు నువ్వే పొడిగించావా? నేను ఇక్కడ రోజులు ఎలా గడుపుతున్నానో తెలిసి కూడా? ఆవిడ సంతకం పెట్టనంటే సబబు, నేను తొందరపడమంటే నస. కారణం నాకు చెప్పకూడదు. బయటిమనిషికి మాటిచ్చావు మరి.

నిన్నటిదాకా ఆ మేస్త్రమ్మనే తిట్టుకున్నాను. ఇల్లు అమ్మడం ఇష్టంలేక గడప అంది, తలుపు అంది, ఇప్పుడింకోటి అంటోంది, మాయలాడి అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, తప్పు ఆవిడది కాదు. నేను రావడం నీకు ఇబ్బందిగా ఉంది. చెప్పలేక వాయిదా వేస్తున్నావు. ఒక్కడివే బతికినవాడివి, నోరున్న అక్క వచ్చి నెత్తిన కూర్చుంటుందంటే భయం వెయ్యదా? వేస్తుంది. నేను నీ చోట ఉన్నా అలాగే ఉండేది.

ఫోటోలు ఎందుకో కూడా అర్థమైంది. ముసలివాళ్ల హాస్టళ్లలో చేర్చడానికి ఫోటోలు, కార్డు నకలే అడుగుతారు. మా వార్డు నుంచి అలా ఎంతమందిని పంపించామో నాకు తెలియదా?

నువ్వు శ్రమపడక్కర్లేదు. రిటైరైన నర్సులు కొందరు కలిసి ఉంటున్న చోట ఒక మంచం ఖాళీ ఉందట, మాట్లాడుకున్నాను. ఇల్లు నువ్వు కొనుక్కో, సుఖంగా ఉండు. కోపం లేదు. కోపం ఉంటే ఇంత పొడుగు ఉత్తరం రాసేదాన్ని కాదు.

అక్క


సెప్టెంబరు 9

అక్కా, అక్కా,

నీ ఉత్తరం మెట్లమీదే నిలబడి చదివాను. క్లాసులు మానేసి వెంటనే రాస్తున్నాను. మాటిచ్చానన్నది నిజమే. పొద్దున మేస్త్రమ్మకి నీ ఉత్తరం సంగతి చెప్పాను. "అయ్యో, చెప్పెయ్యండి మాస్టారూ, అన్నీ చెప్పెయ్యండి" అంది. చెప్తున్నాను.

ఆ గడప తీయించింది నీకోసం. మా అక్క మోకాలికి ఆపరేషన్ అయింది, కాలు ఎత్తి దాటలేదు అని నేను ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. అంతే. ఆయన నీ చేతికి తలుపు బిగుసుకోకూడదని కోశాడు, ఆవిడ నువ్వు తడినేల మీద జారకూడదని ఎత్తింది. ముఖమైనా చూడని నీకోసం వాళ్లు వారాల తరబడి కొట్టుకున్నారు. నువ్వొచ్చి చూసి ఆశ్చర్యపోవాలని నీకు చెప్పలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇక సంతకం. తలుపు కుదిరిన రోజు మేస్త్రమ్మ దస్తావేజు చిత్తుప్రతి చదివింది. "ఇందులో మీ పేరొక్కటే ఉందే. అక్కగారి పేరేది?" అంది. మా అక్క నాతో ఉంటుంది, పేరెందుకమ్మా అన్నాను. అప్పుడు చెప్పింది.

"పునాది తవ్విన రోజు నుంచి ఇసుక మోశాను మాస్టారూ. స్థలం ఆయన పేరున ఉంటే ఏం, నా పేరున ఉంటే ఏం అనుకున్నాం. ఆయన చెడ్డవాడు కాదు. ఒక గొడవలో, కోపంలో, 'ఇది నా ఇల్లు' అన్నాడు. మర్నాడు బతిమాలాడు కూడా. కానీ కాగితం తీసి చూస్తే అదే నిజం. ఆ తర్వాత నేను వేసిన గచ్చుమీద నేను నడవలేకపోయాను. మీకూ అక్కగారికీ గొడవలు రావా? వస్తాయి. ఆ రోజు మీ నోట ఆ మాట రాకుండా ఇప్పుడే రాయించండి. అప్పుడే నా సంతకం."

నేనెప్పటికీ అలా అననమ్మా అన్నాను. "ఆయనా అలాగే అనుకున్నాడు" అంది.

వడ్రంగి అక్కడే పనిముట్లు సర్దుకుంటున్నాడు. అంతా విన్నాడు. సంచి భుజాన వేసుకుని నా దగ్గరికొచ్చి, "ఆవిడ చెప్పినట్టు రాయించండి. నేను రాయించలేదు" అన్నాడు. ఆ మాట ఆవిడ ముందే అన్నాడక్కా, తల దించుకోకుండా. అంత మాట అనగలిగిన మగవాళ్లని నేను చాలామందిని చూడలేదు.

నీకు ముందే చెప్తే వద్దంటావని, కాగితం తయారయ్యాక చెప్పమంది. ఫోటోలూ కార్డూ దానికే. నువ్వొస్తే నాకు ఇబ్బందా? అమ్మ పోయాక నాకు ఫీజు కట్టింది ఎవరు, జ్వరమొస్తే డ్యూటీ నుంచి డ్యూటీకి మధ్యలో బస్సెక్కి వచ్చింది ఎవరు? నీ నోరంటే భయం ఉంది, అది ఒప్పుకుంటాను. కానీ ఆ నోరు లేని ఇల్లు నాకెందుకు?

ఆ మంచం వద్దని వాళ్లకి చెప్పు. ఫోటోలు పంపు.

తమ్ముడు


సెప్టెంబరు 16

ఒరే,

ఫోటోలు రెండూ, కార్డు నకలూ ఇందులో ఉన్నాయి. ఫోటోలో మొహం ఉబ్బి ఉంది, నీ ఉత్తరం చదివిన రోజునే తీయించుకున్నాను మరి.

ఊరికే పేరు రాయించుకోను. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి నా వంతు నేను తెస్తాను. కాదంటే ఫోటోలు తిరిగి పంపెయ్.

మంచం వద్దని చెప్పాను. ఆవిడని మాయలాడి అన్నాను కదా, ఆ ఉత్తరం చించెయ్. రిజిస్ట్రేషన్ ఏ రోజో రాయి, వచ్చి సంతకం పెడతాను.

అక్క


అక్టోబరు 22

ఒరే తమ్ముడూ,

క్షేమంగా చేరాను. సామాను సర్దుతున్నాను. సర్దడానికి పెద్దగా ఏమీ లేదని ఇప్పుడే తెలిసింది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట నువ్వు కారు తేవడానికి వెళ్లి చాలాసేపు రాలేదు గుర్తుందా? ఇతరులకి పార్కింగ్ నేర్పుతావు, నీ కారు నీకే బయటికి రాదు. అప్పుడు జరిగింది నీకు చెప్పలేదు. నువ్వుండగా చెబితే ఏడుస్తానని చెప్పలేదు.

బెంచీ మీద మేస్త్రమ్మా నేనూ కూర్చున్నాం. వేళ్లకింకా సిరా ఉంది. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. "అమ్మా, నిన్ను ఉత్తరాల్లో నోటికొచ్చినట్టు తిట్టాను. సంతకం పెట్టనప్పుడల్లా తిట్టాను" అన్నాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. "పెట్టనందుకే కదా తిట్టారు, ఫరవాలేదండీ. పెట్టి ఉంటే మీ పేరు లేకుండానే ఇల్లు చేతులు మారేది, అప్పుడు తిట్టాలని కూడా మీకు తెలిసేది కాదు" అంది.

వడ్రంగి వచ్చాడు. ఆవిడ ముందు నిలబడి, తమ కూతురికి కాలేజీ సెలవులు ఎప్పుడో అడిగాడు. ఆవిడ చెప్పింది. నీ లైసెన్సు పరీక్ష ఎప్పుడన్నాడు. అదీ చెప్పింది. "క్లచ్చు మీద కాలు పెట్టి ఉంచకు" అన్నాడు. "సరే, నువ్వు మందులు వేళకి వేసుకో" అంది. నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆవిడ ఆయన మలుపు తిరిగేదాకా చూసి, కళ్లు తుడుచుకుని, ఇంక వెళ్దామా అంది. నాకు గరిట గుర్తొచ్చి సిగ్గేసింది. కాపురం నిలబెట్టుకోవడం గొప్పంటారు. నిలబడని కాపురాన్ని ఇంత మర్యాదగా దించి కింద పెట్టినవాళ్లని నేను ఇప్పుడే చూశాను. చక్కగా విడిపోయే మనుషులుండరని రాశాను కదా, కొట్టేసుకో.

ఆవిడ వెళ్లే ముందు తన తాళంచెవి నా చేతిలో పెట్టింది. వడ్రంగి తనది నీకిచ్చాడు, అది నీ దగ్గరుంది. ఇది నా దగ్గరుంది. పుట్టింట్లో తాళం అమ్మ దగ్గర ఉండేది. అత్తింట్లో అత్త కొంగున ఉండేది. ఈ క్వార్టర్స్ తాళం ముప్పై ఏళ్లు నా దగ్గరున్నా, వెళ్లే రోజు ఆఫీసులో సంతకం పెట్టి అప్పజెప్పాలి. ఎవరికీ తిరిగి ఇవ్వక్కర్లేని తాళంచెవి నా చేతికి రావడం ఇదే మొదటిసారి. రెండు రోజులుగా దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జాకెట్టులో పెట్టుకుని తిరుగుతున్నాను.

ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం బండికి వస్తున్నాను. స్టేషన్‌కి రాకు. చుట్టానికైతే ఎదురొస్తారు, నేను చుట్టాన్ని కాదు. ఆటో ఎక్కి నేనే వస్తాను. నీ క్లాసులు మానుకోకు. సాయంత్రం నువ్వొచ్చి బెల్లు కొట్టు, తలుపు నేను తీస్తాను.

అక్క